జమాఖర్చు సరిపోయింది, పైసలేవి?

మా కోరుట్లలో పోరడు డిగ్రీ పాసైండంటే మార్కుల మెమో కన్నా ముందు ఇంటికి సలహాలు చేరుతాయి. ఒకప్పుడు ఉన్న సలహా ఒక్కటే, దుబాయి. తర్వాత సాఫ్ట్‌వేర్ వచ్చి అమీర్‌పేట హాస్టళ్లను పోషించింది. ఇప్పుడు గాలి మారింది. బీకాం పాసైనవాడు కనిపిస్తే చాలు, బస్టాండు దగ్గర చాయ్ తాగే పెద్దమనిషి కూడా "ఫైనాన్షియల్ అనలిస్టు అయిపో బిడ్డా, గచ్చిబౌలిల ఏసీల కూసోబెట్టి జీతమిస్తరట" అంటున్నాడు. అదేం పని పెద్దయ్యా అంటే "లెక్కలు సూసుడు" అన్నాడు. ఎవరి లెక్కలు? "కంపెనీలయి. మనయి మనమెప్పుడన్న సూసుకున్నమా?"

అనలిస్టు కావాలంటే ముందు అకౌంటింగ్ రావాలి. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే మా ఊళ్లో అకౌంటింగ్ అంటే టాలీ, టాలీ అంటే అకౌంటింగ్. 1986లో బెంగళూరులో గోయెంకా తండ్రీకొడుకులు మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ మంచిదే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక అది లేని దుకాణం లేదు. అందుకే మా గల్లీ పోరడు కూడా కోచింగ్ సెంటర్‌లో రెండు నెలలు ఓచర్లు కొట్టి, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, హైదరాబాదుకు ఇంటర్వ్యూకు పోయాడు.

అక్కడ అడిగింది ఒకటే ప్రశ్న. "కంపెనీ లాభం చూపించింది. బ్యాంకులో నగదు మాత్రం తగ్గింది. ఎందుకై ఉంటుంది?" పోరడు బాగా ఆలోచించి, "సార్, దానికి ఏ మీట నొక్కాలె?" అని అడిగాడట. మళ్లీ పిలుస్తామన్నారు. ఆ పిలుపు కోసం ఫోను చార్జింగు తీయకుండా పెట్టుకుని కూర్చున్నాడు.

తప్పు వాడిది కాదు. లెక్క రాయడం ఒక విద్య, రాసిన లెక్కను అనుమానించడం ఇంకో విద్య. మొదటిదానికి ఫీజు తీసుకుని రెండోది కూడా వచ్చేసిందని చెప్పడం మూడో విద్య. దానికి కోచింగ్ అక్కర్లేదు, పోస్టరు చాలు.

మా ఊళ్లో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి పిల్లలకు మొదట తెలిసొచ్చేది, రోగి నోరు తెరిచి చెప్పదని. చెవి పట్టుకుని చూడాలి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలి. అనలిస్టు పనీ అదే, కానీ పశువైద్యుడికి ఒక సుఖముంది. బర్రె ఏమీ చెప్పకపోయినా అబద్ధమైతే చెప్పదు. బ్యాలెన్స్ షీటు చెబుతుంది, అదీ రెండు వైపులా సమానంగా చెబుతుంది.

నమ్మకపోతే హైదరాబాదు సత్యం కంపెనీని చూడండి. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు, అందులో లేనివి 5,040 కోట్లు. లేని ఆ డబ్బు మీద వడ్డీ కూడా వచ్చినట్టు 376 కోట్లు రాశారు. లేని బర్రెకు పాల లెక్క కూడా పక్కాగా రాసిపెట్టిన ఘనత అది. 2008 సెప్టెంబరు త్రైమాసికంలో నూటికి 24 లాభమన్నారు, ఉన్నది నూటికి 3. అదే ఏడాది కార్పొరేట్ పాలన బాగుందని ఆ కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చి, బండారం బయటపడ్డాక వెనక్కి తీసుకున్నారు. 2015లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. గమనించాల్సింది, ఆ పుస్తకాల్లో జమకు ఖర్చు ఎక్కడా తప్పలేదు. మా పోరడు టాలీలో కొట్టినా సరిగ్గా కుదిరేది. "ఇన్ని వేల కోట్లు బ్యాంకులో ఊరికే ఎందుకు పండబెట్టిండ్రు?" అని గట్టిగా నిలదీసేవాడే కరువయ్యాడు.

ఈ నిలదీసే విద్య కోరుట్లలో లేదా అంటే దండిగా ఉంది. సర్టిఫికెట్ లేకపోవడం వల్ల లెక్కలోకి రావట్లేదు.

ప్రతి ఇంట్లో బీరువా కింది అరలో కట్నాలు రాసిన నోటుబుక్కు ఉంటుంది. పెళ్లి పందిట్లో చేతిరాత బాగున్న బావమరిది కూర్చుని ఎవరెంత చదివించారో రాసిన పుస్తకం. 1494లో వెనిస్‌లో లూకా పచోలీ అనే సన్యాసి జంటపద్దు విధానాన్ని పుస్తకానికెక్కించాడని కామర్స్ మేష్టార్లు చెబుతారు. మా మేనత్తకు పచోలీ తెలియదు గానీ, వచ్చిన ప్రతి పైసా తిరిగి ఇయ్యాల్సిన బాకీ అని తెలుసు. అంతేకాదు. "2004ల మన పెండ్లికి నూటపదహార్లు రాసిండు. ఇప్పుడు వాని బిడ్డ పెండ్లికి నూటపదహార్లే రాస్తే ఇజ్జత్ ఉంటదా?" అంటుంది. ఇరవై ఏళ్ల కింది రూపాయి, ఇవాళ్టి రూపాయి ఒకటి కావని ఇంత సూటిగా చెప్పిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు. ఎంత పెంచి ఇయ్యాలన్నది మాత్రం మామయ్యతో జరిగే కొట్లాటలో తేలుతుంది. పెద్ద కంపెనీల్లోనూ ఆ రేటు దాదాపు అట్లనే తేలుతుందని విన్నాను.

అదే ఇంట్లో బీడీలు చుట్టే తల్లిని అడగండి. తూకంలో ఆకు తక్కువొస్తే సొంత పైసలతో తునికాకు కొని వెయ్యి పూర్తి చేయాలి. ఆ ఖర్చు కంపెనీ పుస్తకాల్లో ఎక్కడా ఉండదు, అందుకే వాళ్ల లాభం కళకళలాడుతుంది. సిరిసిల్లకు పోతే, 2017లో మొదలైన బతుకమ్మ చీరల సర్కారు ఆర్డరు సాంచాలకు, అంటే మరమగ్గాలకు, పని పెట్టింది, ఆ తర్వాత వాటిని నడిపే ఆసాములకు సర్కారు బకాయిల రుచి కూడా చూపించింది. సర్కారు బాకీ మునగదంటారు. నిజమే, మునగదు. తేలి ఒడ్డుకు కూడా రాదు. అమ్మకం రాసుకున్నరు, లాభం రాసుకున్నరు, నూలుకు కట్టాల్సిన పైసలు మాత్రం చేతిలో లేవు. గచ్చిబౌలిలో అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఇంటర్వ్యూకు సిరిసిల్ల ఆసామిని పంపి ఉంటే ఆ సాయంత్రమే నౌకరి వచ్చేది.

మా దగ్గరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ సంగతి వేరు. 2015 డిసెంబరులో మూతపడ్డది. చెరుకు రైతు పుస్తకంలో నష్టం, నాయకుల ప్రసంగాల్లో ఆస్తి. ఎన్నికలప్పుడు దాని విలువ మళ్లీ పెరుగుతుంది. ఈ పద్ధతి ఏ అకౌంటింగ్ ప్రమాణాల కిందికి వస్తుందో చార్టర్డ్ అకౌంటెంట్లే చెప్పాలి.

ఇన్ని తెలిసిన ఊరు ఒక్కచోట కాగితం, పెన్ను ముట్టదు. దుబాయి. వీసాకు, టికెట్‌కు, ఏజెంటుకు కలిపి రెండు లక్షలు, రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. అక్కడ తిండికి పోను చేతిలో మిగిలేది నెలకు 16 వేలు. ఇంటికి 8 వేలు, అప్పుకు 8 వేలు. మొదటి నెల అందులో వడ్డీకే 4 వేలు పోతుంది. అసలు తగ్గినకొద్దీ వడ్డీ తగ్గించే ధర్మాత్ముడు షావుకారుగా దొరికినా అప్పు తీరడానికి 35 నెలలు పడుతుంది. వీసా 24 నెలలది. జ్వరమొచ్చి ఒక నెల పండుకున్నా, చెల్లె పెండ్లి కుదిరినా ఈ లెక్క చెల్లదు. అమెరికావాళ్లు అనలిస్టులకు 1963 నుంచి పెడుతున్న సీఎఫ్ఏ పరీక్షకు మూడు అంచెలుంటాయి, ఈ లెక్క మొదటి అంచెలోనే నేర్పుతారు. దానికోసం మనం డాలర్లలో ఫీజు కడుతున్నాం. పాస్‌పోర్టు చేతికిచ్చే ముందు ఏజెంటు ఇదే లెక్క అట్టముక్క మీద వేసి చూపిస్తే ఉచితంగా అయిపోయేది, కానీ ఏజెంటు లెక్కల్లో బలహీనుడు. కమీషన్ దగ్గర తప్ప.

మా పోరడు మాత్రం ఊరికే కూర్చోలేదు. మేనత్త నోటుబుక్కు తిరగేశాడు, తల్లి దగ్గర ఆకు లెక్క అడిగాడు, అన్న దుబాయి అప్పును ఎక్సెల్‌లో వేసి అన్నకు వాట్సాప్ చేశాడు. అన్న రెండు రోజులు ఫోను ఎత్తలేదట. తర్వాత, 'అడ్వాన్స్‌డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్, నూరు శాతం ఉద్యోగం' అని కొత్త పోస్టరు పడితే ఆ సెంటర్‌కే పోయి కూర్చున్నాడు. ఫీజు 40 వేలు, చేరిన రోజే మొత్తం కట్టాలి.

"సార్, పోయిన బ్యాచ్‌ల ఎంతమంది చేరిండ్రు?"

"శానా మంది తమ్మీ."

"ఎంతమందికి నౌకరైంది? ఎన్ని నెలలకైంది? నూరు శాతమంటే చేరినోళ్లల్లనా, ఆఖరు దాకా ఉన్నోళ్లల్లనా? ఫీజు ఇయ్యాల తీసుకుంటున్నరు, నౌకరి ఎప్పుడో ఇస్తమంటున్నరు, అంటే అప్పటిదాంక ఈ 40 వేలు మీకు ఆదాయమా, నాకు బాకీనా?"

సెంటర్ సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"తమ్మీ, నిజం చెప్పు. కోర్సుకొచ్చినవా, ఐటీ రైడుకొచ్చినవా?"