ఫీజు కట్టి గోడకుర్చీ

నిన్న పొద్దున్న ఒక గ్లాసు మంచినీళ్ళు తాగినందుకు నన్ను ‘సూపర్’ అన్నాడు. మొన్న రెండు మెట్లు ఎక్కి దిగినందుకు ‘అదరగొట్టేసేరు మాస్టారూ’ అన్నాడు. అటుమొన్న అసలు వెళ్ళనే లేదు, ఒళ్ళు నొప్పులని మెసేజీ పెట్టి ముసుగుతన్ని పడుకున్నాను. దానికీ ‘ఒళ్ళు చెప్పిన మాట విన్నారు, గ్రేట్’ అని జవాబొచ్చింది. పక్కన కండ బిగించిన చెయ్యి బొమ్మలు మూడు. చేస్తే మెచ్చుకుంటాడు, చెయ్యకపోతే మెచ్చుకుంటాడు. ఈ కుర్రాడి దగ్గర ఫెయిలయ్యే మార్గమే లేదని తేలిపోయాక నాకు రాత్రిళ్ళు దిగులు పట్టుకుంది.

34 ఏళ్ళు జిల్లా పరిషత్తు బళ్ళలో లెక్కలు చెప్పినవాణ్ణి నేను. పొగడ్త దగ్గర మా తరం చెయ్యి ఎంత బిగువో మీకు వేరే చెప్పక్కర్లేదు. నూటికి 98 తెచ్చుకున్నవాణ్ణి ‘ఆ రెండూ ఏ గేదె మేసిందిరా’ అని అడిగాం. నూటికి నూరూ తెచ్చుకుంటే ‘ఈసారి పేపరు తేలిగ్గా ఇచ్చినట్టున్నారు’ అన్నాం. మా నాన్నగారు నన్ను జన్మలో ఒక్కసారి మెచ్చుకున్నారు. అదీ నా ఎదుట కాదు, నేను ఊళ్ళో లేనప్పుడు పక్కింటాయన దగ్గర. ఆ పక్కింటాయన దాన్ని పదకొండేళ్ళు కడుపులో దాచుకుని, ఒక పెళ్ళి బంతిలో పెరుగన్నం కలుపుకుంటూ నాకు చెప్పాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి తీసుకెళ్ళి నీళ్ళు తాగితే చప్పట్లు కొట్టే మనిషి చేతిలో పెడితే ఎలా ఉంటుంది?

రిటైరైన మాస్టార్లకి ఏమవుతుందో మీరు ఇంట్లోనో వీధిలోనో చూసే ఉంటారు కనక తొందరగా దాటేస్తాను. 62 నిండాయి, దండలేశారు, మర్నాటినుంచి బెల్లు మోగలేదు. బెల్లు మోగకపోతే లేవడం నాకు తెలియదు. పొద్దున్న వాలుకుర్చీలో వాలితే మధ్యాహ్నానికి కుర్చీ ఏదో నేనేదో మా ఆవిడ కూడా పోల్చుకోలేకపోయేది. నిద్ర పోయింది. పేపరు చదవబుద్ధి కాలేదు. గంటస్తంభం దాకా వెళ్ళి కూరలు తెమ్మంటే, కాశీకి వెళ్ళమన్నట్టు చూసేవాణ్ణట. ఎవరడిగినా ‘కాస్త నలతగా ఉంది’ అనేవాణ్ణి. ఈ నలత అనే మాట పుట్టించిన తెలుగువాడెవరో గాని మహానుభావుడు. జ్వరమా, దిగులా అని ఎదుటివాడు రెట్టించి అడగడు. అడిగినవాడు ఒక్క డాక్టరే. ఆయన మూడునెలల సుగర్ చూశాడు, 8.4. తర్వాత కాగితం పక్కనపెట్టి చాలాసేపు నా నిద్ర గురించీ, పొద్దు ఎలా గడుస్తోందన్న దాని గురించీ అడిగాడు. సుగర్ మాత్రతో పాటు మనసుకి కూడా ఒక చిన్న మాత్ర రాశాడు. ‘ఇది సిగ్గుపడి దాచుకునే జబ్బు కాదు మాస్టారూ’ అన్నాడు. అందుకని నాలుగు నెలలే దాచాను.

మాత్ర ఒక్కటీ చాలదు, ఒళ్ళు కదలాలి అని కూడా అన్నాడాయన. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి అక్కణ్ణుంచే మా వీధి చివర ఉన్న కోచ్‌ని పట్టింది. మా వీధి చివర ఒక కోచ్ ఉన్నాడని మా వీధిలో ఎవరికీ తెలియదు. పాత బియ్యం గోడౌను, పైన రేకులు, కింద రబ్బరు చాపలు, నెలకి 2,500, వారానికి మూడు రోజులు. కుర్రాడికి ఇరవయ్యారేళ్ళుంటాయి. ‘మనది కోడి రామ్మూర్తిగారు తిరిగిన ఊరు మాస్టారూ’ అన్నాడు మొదటిరోజే. నిజమే, వీరఘట్టంలో పుట్టినా ఆయన విజయనగరంలోనే కండలు పెంచి, ఇక్కడి బడిలోనే వ్యాయామం నేర్పి, ఆ తర్వాత సర్కస్ పెట్టాడు. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు. ఏనుగు దిగాక ఆయనకెవరైనా ‘సూపర్’ చెప్పారో లేదో మాత్రం చరిత్రలో లేదు.

మొదటిరోజు పరీక్ష పెట్టాడు. చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలనో చూడాలట. ఇంతేనా అనుకున్నాను. తొమ్మిదోసారి కూర్చున్నాక కుర్చీ నన్ను వదల్లేదు. నా వయసు మగవాళ్ళు కనీసం 14 చెయ్యాలని ఆ తర్వాత చెప్పాడు. 14కి 9, అంటే 64 శాతం, ఫస్టు క్లాసే కదా అని లోపల సంబరపడ్డాను. 14 అనేది మొత్తం మార్కులు కాదనీ, పాసు మార్కులనీ గ్రహించడానికి లెక్కల మాస్టారికి రెండు నిమిషాలు పట్టింది. ‘తొమ్మిది! బ్రహ్మాండం మాస్టారూ, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో దొరికింది’ అన్నాడు కుర్రాడు. తప్పిన పేపరు చేతిలో పెట్టి షేక్‌హ్యాండిచ్చిన పరీక్షాధికారిని అప్పుడే చూశాను.

తర్వాత స్క్వాట్ అన్నాడు. చేసి చూపించాడు. చూడగానే నా రెండు చేతులూ నా ప్రమేయం లేకుండా చెవుల మీదికి వెళ్ళిపోయాయి. గుంజీలు! పత్రితో పాటు వినాయకుడికి సమర్పించుకునేవి, ఎక్కం రానివాడు నాకు సమర్పించుకునేవి. ‘చెవులు వదిలెయ్యండి మాస్టారూ, చేతులు ముందుకి చాపండి’ అన్నాడు. చెవులు వదిలిన గుంజీకే నెలకి రెండున్నర వేలు.

ఆ క్షణంనుంచి నా బుర్ర ఒకచోట నిలవలేదు. ఆ గోడౌనులో ఉన్నదంతా మా స్టాఫ్‌రూమ్ సొత్తే. వాల్ సిట్ అని గోడకి వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చోమన్నాడు. అది గోడకుర్చీ కాదూ? మా తాతగారి వీధిబడిలో దూలానికి తాడు కట్టి పట్టుకుని వేలాడమనేవారట, దాని పేరు కోదండం. ఇక్కడ తాడు బదులు ఇనపకమ్మీ ఉంది, పేరు డెడ్ హ్యాంగ్. ఒంటికాలి మీద నిలబెట్టాడు, నడుము నిలకడ కోసమట. నేను నిలబెట్టినప్పుడు అది అల్లరి తగ్గడం కోసం. బెంచీ ఎక్కి దిగమన్నాడు. మేం ఎక్కమనేవాళ్ళం, దిగడం సిలబస్‌లో ఉండేది కాదు. ఎండలో పది నిమిషాలు ఉండండి, డి విటమిన్ అన్నాడు. ఆ విటమిన్ నేను ఎంతమంది పిల్లలకి దోసిళ్ళతో పంచానో! అన్నిటికంటే నన్ను కదిలించింది, పటకారులాంటి పరికరం తెచ్చి నా తొడ మీద చర్మం పట్టి నొక్కడం. చర్మం కింద కొవ్వు ఎన్ని మిల్లీమీటర్లుందో తెలుస్తుందట. నాయనా, దాన్ని తొడపాశం అంటారు. పరికరం లేకుండా, బొటనవేలూ చూపుడువేలుతో, ఒకే పీరియడులో పన్నెండుమందికి తీసేవాణ్ణి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాగితం, కలం తీశాను. ఏడాదికి 220 పనిదినాలు, 34 ఏళ్ళకి 7,480. రోజుకి సగటున ఆరుగురు చొప్పున, ఇది తక్కువ అంచనా, 44,880 శిక్షణలు. మా కోచ్ లెక్కలో నెలకి పన్నెండు పూటలు, 2,500. ఆ ప్రకారం ప్రభుత్వం గాని, తల్లిదండ్రులు గాని నాకు బాకీపడింది అక్షరాలా 93 లక్షల 50 వేలు. ఇందులో జీఎస్టీ కలపలేదు, తొడపాశానికి ల్యాబు ఛార్జీలు కూడా వదిలేశాను. మా ఆవిడకి చూపించాను. ‘ఏవండీ, మీరు నవ్వి ఎన్నాళ్ళయిందో’ అంది. లెక్క సరిచూడనేలేదు.

పైగా 2009 విద్యాహక్కు చట్టం, 17వ సెక్షను, బడిలో పిల్లవాడి ఒంటికి శిక్షగాని మనసుకి వేధింపుగాని కూడదంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌నుంచి అమల్లోకొచ్చింది. ఆ చట్టం వచ్చినప్పుడు స్టాఫ్‌రూమ్‌లో అందరికంటే గట్టిగా గొణిగినవాణ్ణి నేనే. ఇప్పుడా చట్టం నాకెందుకు వర్తించదా అని గోడకి ఆనుకుని ఆలోచిస్తుంటాను.

వేళాకోళం సరే గాని, కుర్రాడి పని పద్ధతిలో వంక పెట్టలేను, అదింకో బాధ. కుర్చీ మీద మొదట రెండు దిళ్ళు వేశాడు, లేవడం సులువయ్యాక ఒకటి తీశాడు, ఇంకో పది రోజులకి రెండోదీ తీశాడు. ఓపిక పూర్తిగా హరించుకుపోయేదాకా చెయ్యనివ్వడు, ఇంకో రెండు చెయ్యగలను అనిపించినప్పుడే ఆపిస్తాడు. తిన్న అన్నంలోని చక్కెరలో పెద్ద వాటా పుచ్చుకునేవి కండలేనట. కండలు కరిగిపోతే ఆ చక్కెర పనీపాటా లేని కుర్రాడు సెంటర్లో తిరిగినట్టు నెత్తుట్లో తిరుగుతుంటుంది. ఇంకొక నియమం కూడా పెట్టాడు: ‘మీరు చాలు అంటే చాలు మాస్టారూ, నేను ఎందుకని అడగను.’ గోడకుర్చీ వేయించినప్పుడు తనూ నా పక్కనే గోడకి ఆనుకుని వేస్తాడు. లెక్క వెనక్కి పెడతాడు, ఐదు, నాలుగు, మూడు అని.

పొద్దున్న అయిదున్నరకల్లా ఫోను టుంగుమంటుంది. నిద్రకి పదికి ఎన్ని, మనసుకి పదికి ఎన్ని? ఇదీ ప్రశ్నపత్రం. జన్మలో ఎవరికీ పూర్తి మార్కులు వెయ్యని చెయ్యి నాకు నేను ఎలా వేసుకుంటుంది? మనసుకి నాలుగు వేశాను. మర్నాడు నాలుగున్నర. ‘అరమార్కు పెరిగింది మాస్టారూ! సూపర్!’ అరమార్కు కోసం గడప దగ్గర నిలబడ్డ పిల్లల్ని నేను మెడపట్టి పంపాను. ఇక్కడ అరమార్కుకి పండగ చేస్తున్నారు.

గోడౌనులో కరణం మల్లీశ్వరి బొమ్మ ఉంది. పక్క జిల్లా ఆడపడుచు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 ఒకసారీ, 130 ఒకసారీ, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఆ బొమ్మ కింద నిలబడి నేను రెండు కిలోల డంబెల్ ఎత్తాను. ‘సూపర్ మాస్టారూ!’ ఒరే నాయనా, అది నాకిచ్చేస్తే ఆవిడకి ఏం మిగిల్చావురా? రూపాయి విలువ పడిపోవడం పుస్తకాల్లో చదివాం. సూపర్ విలువ ఇలా పడిపోతుంటే పట్టించుకునే రిజర్వు బ్యాంకే లేదు.

మూడు నెలలయ్యాయి. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది గనక ఆ సుగర్ పరీక్ష మూడు నెలల సంగతి చెబుతుందట. అంటే క్వార్టర్లీ అన్నమాట, నాకు బాగా తెలిసిన పరీక్షే. 7.1 వచ్చింది. కుర్చీ 15 వచ్చింది, పాసు. మనసు మాత్ర తగ్గించవచ్చేమో వచ్చే నెల చూద్దామన్నాడు డాక్టరు. రాత్రి ఆరు గంటలు పడుతోంది నిద్ర. పరిగెత్తుకెళ్ళి కోచ్‌కి చెప్పాను. ‘సూపర్ మాస్టారూ’ అన్నాడు. నీళ్ళు తాగినప్పుడు అన్నంతే అన్నాడు. నిజంగా కావలసినరోజున ఆ మాట చెల్లలేదు.

పోయిన గురువారం గోడకుర్చీలో నలభై సెకన్లు దాటింది. తొడలు వణకడం మొదలుపెట్టాయి. ముందు చిన్నగా, తర్వాత గోడ కూడా వణుకుతోందా అన్నట్టు. అప్పుడు ఒక పిల్లవాడు గుర్తొచ్చాడు. 1997, ఎనిమిదో తరగతి బి సెక్షను. పేరు గుర్తుంది, రాయను. హోంవర్కు చెయ్యలేదని గోడకుర్చీ వేయించాను. బెల్లు కొట్టారు, వాణ్ణి మరిచిపోయి స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళిపోయాను. టీ తాగాను. తర్వాత తొమ్మిదో తరగతికి వెళ్ళాను. గొడుగు మరిచిపోయానని అన్నాల వేళకి మళ్ళీ ఆ గదికి వస్తే, అందరూ వెళ్ళిపోయారు, వీడు గోడకి జారి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గబగబా లేచి మళ్ళీ కుర్చీ వేశాడు.

‘వెళ్ళరా’ అన్నాను. ఇంకేమీ అనలేదు. గొడుగు తీసుకున్నాను.

పూర్వవిద్యార్థుల సమావేశాల్లో శాలువా కప్పినవాళ్ళంతా ఒకటే మాట చెబుతారు, మీరు ఆవేళ కొట్టబట్టే ఇంతవాళ్ళమయ్యామని. ఇన్నేళ్ళూ నమ్మాను, శాలువాలు బీరువాలో దొంతిగా ఉన్నాయి. వాడు ఏ సమావేశానికీ రాలేదు. 44,880 అని ఆవేళ నవ్వుకుంటూ వేసిన లెక్కలో రానివాళ్ళెందరో నేను తియ్యలేదు, ఎలా తియ్యాలో కూడా తెలియదు.

‘చాలు’ అన్నాను. కోచ్ ఎందుకని అడగలేదు.

మర్నాడు అయిదున్నరకి ఫోను టుంగుమంది. నిద్ర నాలుగు, మనసు రెండు అని కొట్టాను. అడుగుతాడేమో, అడిగితే చెప్పేద్దామనే కూర్చున్నాను. కాసేపటికి జవాబొచ్చింది. ‘ఉన్నదున్నట్టు రాసేరు, సూపర్ మాస్టారూ. ఇవాళ గోడ వద్దు. పెద్దచెరువు గట్టు మీద ఊరికే నడుద్దాం, నేనొస్తాను.’ చెయ్యి బొమ్మ మాత్రం ఈసారి ఒక్కటే పెట్టాడు.