ఒక్క పాట మోగాలంటే

మా మేనల్లుడు మొన్న తన ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఎక్కించుకున్నాడు. పెన్‌డ్రైవ్ గుచ్చాడు, కాఫీ తాగొచ్చేసరికి పని అయిపోయింది. ఫైర్‌ఫాక్స్ తెరిచి యూట్యూబ్ నొక్కితే పాట వచ్చేసింది. అయినా వాడికి తృప్తి లేదు. "మధ్యలో ఒక్క క్షణం ఆగింది మావయ్యా, లినక్స్ అంటే ఇంతేనా?" అన్నాడు. ఒక్క క్షణమట! నాకు ఒళ్లు మండిపోయింది.

ఒరే అబ్బాయ్, మా రోజుల్లో లినక్స్ ఎక్కించడమంటే గోడలు లేపడం వరకే. తలుపులూ కిటికీలూ ఎవరికి వాళ్లు బిగించుకోవాల్సిందే. 2002లో వచ్చిన రెడ్‌హ్యాట్ 8.0లో ఎంపీత్రీ మోగేదే కాదు. పేటెంట్ల గొడవ ఎందుకని తీసేశారు. డిస్కు నిండా ఘంటసాల ఉన్నా ప్లేయరు మూగనోము పట్టేది. ఎంపీత్రీ మోగించే ముక్క విడిగా తెచ్చి ఎక్స్‌ఎంఎంఎస్ అనే ఆ ప్లేయరుకి అతికించాలి. తేవడమంటే మాటలా? ఇంట్లో డయలప్. పక్కగదిలో ఎవరైనా ఫోనెత్తితే సగం దిగిన ఫైలు గోవిందా. అందుకని నెట్ కేఫ్‌కి వెళ్లి, గంటకింతని కట్టి, ఫ్లాపీలో పట్టుకొచ్చేవాణ్ణి. ఇంటికొచ్చి ఎక్కించబోతే అది తనకు ఇంకో ఫైలు కావాలనేది. మళ్లీ చెప్పులేసుకోవడమే.

ఇక బ్రౌజర్లో వీడియోలు ఆడించే ఫ్లాష్ ప్లగిన్. దించుకున్న మూట విప్పితే లిబ్‌ఫ్లాష్‌ప్లేయర్ డాట్ ఎస్‌ఓ అనే ఫైలు బయటపడేది. దాన్ని డాట్ మొజిల్లా అనే ఫోల్డర్లో, ప్లగిన్స్ అనే ఇంకో ఫోల్డర్లో పడేయాలి. పేరుకి ముందు చుక్క ఉంది కాబట్టి అది మామూలుగా కంటికి ఆనదు. బ్రౌజరు మూసి, తెరిచి, అడ్రసు గడిలో ఎబౌట్ ప్లగిన్స్ అని కొడితే ఒక జాబితా వచ్చేది. అందులో ఫ్లాష్ పేరు కనబడితే, పేపర్లో టెన్త్ నంబరు చూసుకున్నంత సంబరం.

సంబరం ఎంతసేపు? బొమ్మ ఆడేది, మాట వినిపించేది కాదు. సౌండ్ కార్డు ఒకసారికి ఒక్క ప్రోగ్రాముకే లొంగేది. ముందు పట్టుకున్నది, సభలో మైకు దొరికిన నాయకుడిలా, ఓ పట్టాన వదిలేది కాదు. దాన్ని చంపి మళ్లీ మొదలుపెడితే ఈసారి మాట వచ్చేది, కానీ మనిషి నోరు మూశాక. విండోస్‌వాళ్లు ఫ్లాష్ 8 వాడుకుంటుంటే మాకు ఆ 8 రానేలేదు. 7తోనే నెట్టుకొచ్చి, 2007 జనవరిలో ఏకంగా 9 మొహం చూశాం. 64 బిట్ల మిషన్ కొన్నవాడి పాట్లు వేరే. ఫ్లాష్ 32 బిట్లది కాబట్టి ఎన్‌ఎస్‌ప్లగిన్‌ర్యాపర్ అనే మధ్యవర్తిని పెట్టుకుని మాట్లాడించాలి. 2012లో ఇంకో వింత. కొన్ని గ్రాఫిక్స్ కార్డుల మీద ఎరుపూ నీలమూ తారుమారై, వార్తలు చదివే ఆయన దగ్గర్నుంచి వంట నేర్పే ఆవిడ దాకా అందరూ పౌరాణికంలో ఎన్టీఆర్ రంగే. వీడియో మీద రైట్ క్లిక్ చేసి, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ టిక్కు తీసేస్తేగానీ మనుషులు మనుషుల్లా కనబడలేదు.

తెలుగు పేపరు చదవాలన్నా తంటాలే. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు, అదీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి తప్ప అర్థం కాని ఫాంటు. ఫైర్‌ఫాక్స్‌లో అంతా కోడిగీతలే. పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వచ్చి వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించాక ప్రాణం లేచొచ్చింది. దాని పేరు ఇప్పుడెవరికి తెలుసు?

2020 డిసెంబరు 31తో ఫ్లాష్ కథ ముగిసింది. మరుసటి నెల్లోనే ఫైర్‌ఫాక్స్ 85 దాన్ని గడప దాటనివ్వడం మానేసింది. నేనేం ఏడవలేదు. కానీ అప్పుడు ఆ దరిద్రం ఎక్కడుందో నాకు తెలుసు, ఎందుకంటే అక్కడ పెట్టింది నేనే. వద్దనుకుంటే ఒక్క ఆర్‌ఎం కమాండుతో పోయేది.

మావాణ్ణి యాడాన్స్ పేజీ తెరిచి ప్లగిన్స్ నొక్కమన్నాను. వైడ్‌వైన్ అని ఉంది, ఓటీటీ సినిమాల తాళం తీసే ముక్క.

"ఇది నేను వెయ్యలేదే!" అన్నాడు.

వెయ్యలేదు నిజమే. ఓటీటీలో సినిమా నొక్కగానే పైన ఒక పట్టీ వస్తే, చదవకుండా సరే అన్నాడు. బ్రౌజరే తెచ్చిపెట్టుకుంది. లోపల ఏముందో చూద్దామంటే సోర్సు కోడు బయటపెట్టలేదు. లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని సినిమాలు చూసేవాళ్లు మీరూ ఒకసారి ఆ పేజీ తెరిచి చూడండి.