బక్షాల్లో డాల్డా

తెలివితక్కువతనం చదువుకున్నవాడికి పట్టుకుంటే తొందరగా వదలదు. నాకు బాగా తెలుసు. కర్నూలులో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలోని మిత్రలాభం పుస్తకం తెరవకుండా చెప్పగలను. అందుకే స్నేహం గురించి ఇంకొకరు నాకు చెప్పేదేముంటుందిలే అనుకునేవాణ్ణి. మనవడు టీవీలో బొమ్మల సినిమా పెడితే "జంతువులు మాట్లాడటమేందిరా, కట్టెయ్!" అని కసిరేవాణ్ణి. నేను సర్వీసంతా చెప్పిన పాఠంలో మాట్లాడింది ఎలుక, కాకి, తాబేలు, జింక అని ఒక్కసారీ తట్టలేదు.

ఇక అసలు సంగతి. కడపలో నాకొక మిత్రుడున్నాడు. ఇద్దరం కర్నూలులో ఒకే బడిలో పనిచేశాం. తర్వాత బదిలీ చేయించుకుని సొంతూరు వెళ్లిపోయాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మా ఇల్లూ మునిగింది. నీళ్లు తీయగానే గడపలో కనిపించిన మొదటి మనిషి అతనే. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా ఏ బండి దొరికితే ఆ బండెక్కి, బియ్యం మూట, పార పట్టుకుని వచ్చాడు. మా నట్టింట్లో బురద ఎత్తిపోశాడు. తడిసిన నా పుస్తకాలను మిద్దె మీద ఒక్కొక్క పేజీ విడదీసి ఎండబెట్టాడు. చేసిన సాయం గురించి తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

కొన్నేళ్లకు కడపలో అతని కూతురి పెళ్లి. వంటల బాధ్యతంతా ఆ ఊళ్లో కొత్తగా స్నేహమైన ఒకాయనకు అప్పజెప్పాడు. నన్ను ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అది మర్యాదేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది. పాత మిత్రుడికి కుర్చీ, కొత్తవాడికి పెత్తనమా? భోజనాల్లో బక్షాలు, అదే బొబ్బట్లు, తింటూ పక్కన కూర్చున్నాయనతో మెల్లగా అన్నాను: "బక్షాల్లో వేసింది నెయ్యి కాదప్పా, డాల్డా. ఎవరో బాగానే మిగుల్చుకున్నట్టుంది."

పక్కాయన వింటే చాలనుకున్నాను. ఆ మాట చేతులు కడుక్కునే చోటు దాటి, మగపెళ్లివాళ్ల విడిదికి పోయి, సాయంత్రానికి పెళ్లికూతురి తండ్రి చెవిన పడింది. అతను నన్ను ఒక్క మాట అడగలేదు. నేను చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాను. అడగలేదు గనక తప్పు అతనిదేనని బస్సులోనే తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం మీదే ఏళ్లు గడిపాను.

2024 డిసెంబరులో మనవడు 'ముఫాసా' సినిమాకు లాక్కుపోయాడు. మహేశ్‌బాబు గొంతు వినిపిస్తుందని ఆశపెట్టాడు. వరదలో కొట్టుకొచ్చిన సింహప్పిల్ల ముఫాసాను కాపాడినవాళ్లలో ఇంకో సింహప్పిల్ల టాకా ఉన్నాడు. ఇద్దరూ అన్నదమ్ముల్లా పెరిగారు. తీరా అసూయ పుట్టేసరికి అదే టాకా శత్రువులతో చేతులు కలిపాడు. ఇంటికొస్తూ పంతులుగిరీ మొదలుపెట్టాను: "చూశావా, అసూయపడేవాడెప్పుడూ విలనే."

"మరి వుడీనో?" అన్నాడు వాడు.

వుడీ ఎవరో నాకు తెలియదు. ఆ ఆదివారం 'టాయ్ స్టోరీ' పెట్టి చూపించాడు. 1995లో వచ్చింది. పూర్తిగా కంప్యూటర్‌తో తీసిన మొట్టమొదటి పూర్తి నిడివి సినిమా ఇదే. ఆండీ అనే పిల్లాడికి వుడీ బొమ్మంటే ప్రాణం. పుట్టినరోజుకు బజ్ అనే కొత్త బొమ్మ వస్తుంది. వుడీకి కడుపుమంట. బజ్‌ను బల్ల వెనక్కి పడేస్తే చాలనుకుని తోయిస్తాడు, వాడు కాస్తా కిటికీలోంచి బయట పడతాడు. పక్కాయన చెవి దగ్గర ఆగాల్సిన మాట విడిదికి పోవడం గుర్తొచ్చింది నాకు. పైకి మాత్రం "వీడు పక్కా విలన్" అన్నాను.

"కాదు తాతా, వుడీనే హీరో."

అదెట్లా అని చివరిదాకా చూశాను. వుడీ మంచితనం ఏమంత గొప్పది కాదు. బజ్‌ను వెంటబెట్టుకుని ఇల్లు చేరాలనుకున్నది కూడా మొదట్లో ప్రేమతో కాదు, వాడు లేకుండా వెళితే మిగతా బొమ్మలు రానివ్వవని. కానీ సిడ్ అనే పోకిరీ పిల్లాడి ఇంట్లో ఇద్దరూ చిక్కుకున్న రాత్రి, నీ ముందు నేనెందుకు పనికొస్తానని బజ్‌తోనే చెప్పేస్తాడు. అక్కడి నుంచి కథ మలుపు తిరిగింది. టాకాకూ అదే మంట. టాకా పోయి శత్రువుకు చెప్పుకున్నాడు, వుడీ మిత్రుడికే చెప్పుకున్నాడు. నేను భోజనాల్లో పక్కాయనకు చెప్పాను. టాకా కనీసం వరదలో ఒకణ్ణి ఆదుకున్నవాడు. నన్నైతే వరదలో ఒకడు ఆదుకున్నాడు. ఆ లెక్కన టాకా నాకంటే నయం.

బొమ్మల సినిమాలన్నీ ఇంత గొప్పవని కాదు. బొమ్మలమ్ముకోవడానికి తీసినవీ బోలెడు. కానీ 2008లో మన హైదరాబాదు నుంచే వచ్చిన 'ఛోటా భీమ్'లో కాలియా రోజూ భీముడితో పోటీపడి ఓడిపోతాడు, మర్నాడు మళ్లీ అదే జట్టులో ఆడుకుంటాడు. పిల్లలకు ఇందులో వింతేమీ కనిపించదు.

మిత్రలాభం మళ్లీ తీశాను. కాకి తన కొత్త స్నేహితుడు ఎలుకను పాత స్నేహితుడు తాబేలు దగ్గరికి తీసుకుపోతుంది. ఈ కొత్తవాడెవడని తాబేలు మూతి ముడుచుకోదు, అతిథిగా ఆదరిస్తుంది. అన్నేళ్లు పిల్లలకు ఆ పాఠంలో సంధులు విడదీయించాను గానీ ఈ తాబేలును పట్టించుకోలేదు.

మా ఆవిడ "ఇంక ఆయప్పకు ఫోన్ చెయ్యరాదా?" అంది. చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను, అసూయతో సహా. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "రేయ్ పంతులూ, గొంతులో డాల్డా ఇప్పటికి కరిగిందా?" అన్నాడు. ఆ వంటలు చేయించినాయన ఆ మాటకు చాలా రోజులు బాధపడ్డాడని కూడా చెప్పాడు. కడపకు వెళ్లి ఆయనకూ ఎదురుగా చెప్పుకున్నాను.

ఆనాడు ఆ భోజనాల్లో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. బక్షాల్లో వేసింది అచ్చమైన నెయ్యే. మీరు ఎవరెవరికి ఆ మాట చేరవేశారో వాళ్లకు ఈ మాట కూడా చేరవేయండి.