ఒక్కసారే చెబుతారు

అమీర్‌పేటలో డెమో క్లాసు ఉచితం. ఫీజు పుచ్చుకుని మరీ వినడం నేర్పుతారట, ఆ ముచ్చటేమిటో చూద్దామని ఐఈఎల్‌టీఎస్‌ అనే ఇంగ్లిష్ పరీక్ష కోచింగులో చేరబోతున్న మా మేనకోడలి వెంట వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. "మావయ్యా, నువ్వేం మాట్లాడకు" అని ముందే చెప్పింది. వినడానికి వచ్చినవాణ్ణి, మాట్లాడతానా!

సారు ముందుగా లెక్క చెప్పారు. లిజనింగు 4 భాగాలు, 40 ప్రశ్నలు, దాదాపు 30 నిమిషాలు. రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. ఆ మాటతో పిల్లల మొహాలు పాలిపోయాయి. పాపం, వాళ్ల తప్పేముంది? మన ఇళ్లలో ఏ మాటైనా మొదటిసారికే చెవికెక్కిన దాఖలా ఉందా? భోజనానికి రమ్మని వంటింట్లోంచి మూడు కేకలు పడాలి. మొదటిది లెక్కలోకి రాదు, రెండోదానికి "ఆఁ?" అంటాం, మూడోదానికి లేస్తాం.

ప్లే నొక్కారు. ఎవరో బ్రిటిష్ ఆవిడ అద్దె ఇంటి కోసం ఫోన్ చేసింది. ఆవిడకి బొత్తిగా నిలకడ లేదు. మంగళవారం వచ్చి ఇల్లు చూస్తానంది, క్లాసంతా మంగళవారం రాసేసింది. అంతలో ఆ రోజు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలని గుర్తొచ్చి గురువారం చేసింది. నా ముందున్న కుర్రాడు రాసింది రబ్బరుతో చెరిపేలోగా అవతల ఫోన్ నంబరు మొదలైపోయింది. "డబుల్ సెవెన్" అని వినపడగానే 27 వేశాడు. సున్నాని ఆవిడ "ఓ" అంటే ఇతను ఓ అక్షరమే వేశాడు. రెండూ గుండ్రంగానే ఉంటాయి గనక గట్టెక్కాడు. కింద రోడ్డు మీద హారన్లు కూడా తమ వంతు వినిపిస్తున్నాయి. అవైతే ఎన్నిసార్లయినా వినిపిస్తాయి.

సారు టేపు ఆపి, "పోయిన జవాబు కోసం ఏడుస్తూ కూర్చుంటే వెనక వచ్చే మూడూ పోతాయి" అన్నారు. ఇంకో కిటుకూ చెప్పారు. టేపు మొదలవకముందే ప్రశ్నలు చదివి, ఖాళీలో రాబోయేది నంబరా, పేరా, ఊరా అని ఊహించి పెట్టుకోవాలట. ఇందులో నాకు కొత్తేం కనపడలేదు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులు నడిచేదే ఈ పద్ధతిలో. ఎవరేం చెబుతారో ముందే తేల్చుకుని వస్తారు, ఇక వినే పనే పడదు.

మధ్య భాగాల్లో ఓ ఆస్ట్రేలియా ఆయన "టుడే"ని "టుడై" చేసి భయపెట్టాడు. నాలుగో భాగంలో ఒక ప్రొఫెసరు సముద్రపు నాచు మీద గుక్క తిప్పుకోకుండా ఉపన్యాసం దంచాడు. విదేశంలో నర్సు ఉద్యోగానికి వెళ్లే అమ్మాయికి నాచుతో ఏం పనో ఆ పరమాత్ముడికే తెలియాలి.

తర్వాత జవాబులు దిద్దుకోవడం. అకామడేషన్‌కి రెండు సీలు, రెండు ఎంలు. ఒక్కటి తగ్గినా మార్కు హుళక్కే. రెండు మాటలకి మించొద్దన్నచోట మూడు రాసినా అంతే. ఏ సంగతైనా రెండు మాటల్లో తేల్చడం మనవల్ల అయ్యే పనేనా?

లేవబోతుంటే సారు, "రేపటి నుంచి బ్యాచ్ ఏడున్నరకి" అన్నారు. ఒక్క పెన్సిలూ కదల్లేదు. ఎప్పుడు మారుస్తారా అని అందరూ ఆయన మొహంకేసే చూస్తున్నారు. సంగతి బోధపడ్డానికి ఆయనకి కాస్త టైం పట్టింది.

"ఏడున్నరేనమ్మా, రాసుకోండి. నాకు పళ్ల డాక్టరు లేడు."