విడిభాగాల సిద్ధాంతి

కరోల్ బాగ్‌లోని గఫార్ మార్కెట్టు సెల్‌ఫోన్ల మరమ్మతుకు పేరుపడిన బజారు అని ఢిల్లీ వాసులందరూ ఎరుగుదురు. కానీ ఆ పక్కనే ఉన్న పాత రాజేంద్రనగర్‌లో సివిల్స్‌కు చదివి, జనరల్ వర్గానికి అనుమతించిన 6 ప్రయత్నాలూ ముగించుకొని, ఊరికి తిరిగి వెళ్లే ముహూర్తం మాత్రం కుదరక అక్కడే నిలిచిపోయిన ఒక రకం తెలుగువారికి అది పంచాంగ శ్రవణ మంటపం కూడా. ఈ రకం మనిషిని విడిభాగాల సిద్ధాంతి అనవచ్చు. కొత్త ఐఫోను సాధారణంగా సెప్టెంబరులో వెలువడుతుంది కనుక ఇతడి ఉగాది చైత్రంలో కాక భాద్రపదం చుట్టుపక్కల వస్తుంది.

ఇతడి సిద్ధాంతం క్లుప్తమైనది. ఫోను తయారుచేసే పెద్ద సంస్థ అందరికీ తెలిసినదే కాబట్టి రాబోయే శుభమంతా దాని షేరు ధరలో ముందే చేరి ఉంటుందనీ, ఆ ఫోనుకు ఒక చిప్పునో, గాజు పలకనో అందించే చిన్న సంస్థ, అంటే సరఫరాదారు, ఒక్క ఆర్డరుతో రెట్టింపవుతుందనీ, అందుచేత పెళ్లికొడుకును పట్టుకోవడం కంటే పెళ్లికి అరిటాకులు తెచ్చేవాణ్ణి పట్టుకోవడం లాభమనీ ఇతడి నమ్మకం. ఈసారి విందు బఫే అనీ, ప్లేట్లు వేరొకరివనీ ఆకులవాడికి చివరిదాకా ఎవరూ చెప్పకపోవచ్చునన్న అంశం ఈ శాస్త్రంలో చేరలేదు.

నిజానికి అటువంటి పెళ్లిళ్లు జరిగాయి. నీలమణి గాజు, అనగా గీతలు పడని గట్టి స్ఫటికపు పలక, ఐఫోన్ 6 తెరకు వస్తుందని జీటీ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్ షేర్లు కొన్నవారు 2014 సెప్టెంబరులో ఆ ఫోను మామూలు గాజు తెరతోనే రావడం చూశారు. అక్టోబరు 6న ఆ సంస్థ దివాలా అర్జీ పెట్టగా షేరు ఒక్కరోజులో 90 శాతానికి పైగా పడిపోయింది. 2017 ఏప్రిల్‌లో, తన గ్రాఫిక్స్ సాంకేతికతను ఆపిల్ ఇక వాడబోదని బ్రిటన్‌కు చెందిన ఇమాజినేషన్ టెక్నాలజీస్ ప్రకటించిన రోజున ఆ షేరు 60 శాతానికి పైగా కరిగింది. సిద్ధాంతి ఈ రెండింటినీ గ్రహణాల పద్దులో వేసుకుంటాడు. గ్రహణం విడిచాక స్నానం చేసి మళ్లీ కొనవచ్చునని అతడి ధర్మశాస్త్రం.

అతడి పరిశోధనా పద్ధతి మరింత విశిష్టమైనది. కొత్త ఫోను విడుదలైన వెంటనే దాన్ని విప్పి, లోపలి చిప్పుల మీది పేర్లు చదివి, ఏ సంస్థకు ఆర్డరు దక్కిందో తేల్చే విధానం ప్రపంచమంతటా ఉన్నదే. సిద్ధాంతి దానిని గఫార్ మార్కెట్టులో మరమ్మతు చేసే కారిగరు భుజం మీదుగా తొంగిచూసి, "భాయ్‌సాబ్, వెలుతురుకు అడ్డం తప్పుకోండి" అనిపించుకుంటూ నిర్వహిస్తాడు. అయితే ఆ బల్ల మీదికి వచ్చేవి రెండేళ్ల క్రితం కొని నిన్న బకెట్లో పడేసిన ఫోన్లు. పాత ప్రశ్నపత్రాల నుంచి రాబోయే ప్రశ్నలు ఊహించడంలో 6 సార్లు ఆరితేరినవాడికి ఇందులో వైరుధ్యం కనిపించదు.

విదేశీ షేర్లు కొనడానికి రిజర్వు బ్యాంకు ఒక వ్యక్తికి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపుకోనిస్తుంది. సిద్ధాంతి ఆ హద్దును ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు. కరోల్ బాగ్ మీదుగా వెళ్లే నీలిరంగు మెట్రో మార్గమే చేరే నోయిడాలో కొలువున్న డిక్సన్ టెక్నాలజీస్ 2017 సెప్టెంబరులో షేర్ మార్కెట్టుకు వచ్చినప్పుడు, టీవీలూ బల్బులూ బిగించే సంస్థకు జాతకం చూడడమేమిటని పెదవి విరిచినవాడూ ఇతడే. తర్వాతి ఏళ్లలో ఆ షేరు ఎన్నో రెట్లు పెరిగిన సంగతి ఇతడి ఎదుట ఎత్తకపోవడం మర్యాద.

ఇతడి సొంత ఫోను మాత్రం ఏటా ఒకసారైనా తెర పగిలి అదే బల్ల మీదికి చేరుతుంది. తెరనూ స్పర్శ పలకనూ కలిపి ఒకే ముక్కగా అమ్మే భాగాన్ని ఆ బజారులో ఫోల్డర్ అంటారు. అసలుదాని ధర విన్నాక సిద్ధాంతి ఫస్ట్ కాపీనే, అనగా నకళ్లలో మేలురకాన్నే, వేయించుకుంటాడు. తయారుచేసినవారెవరని అడిగితే కారిగరు నవ్వి ఊరుకుంటాడు. ఆ రాత్రి నోటుబుక్కులో ఒక కొత్త పద్దు చేరుతుంది: సంస్థ పేరు, తెలియదు, గిరాకీ, పన్నెండు నెలలు.