ఆరు బంతుల ఆసామి

మా బావమరిది కారు డిక్కీలో ఆరు బౌలింగ్ బంతులుంటాయి. ఒక్కోటి 15 పౌండ్లు. ఆరూ కలిపితే 40 కిలోల పైమాట. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో కాటా అరకిలో ఎక్కువ చూపించిందని వాళ్లమ్మ కళ్లముందే ఆవకాయ డబ్బా తీసి పక్కన పెట్టేసిన మనిషి ఇతనే. ఇప్పుడు ప్రతి బుధవారం సాయంత్రం ఆ 40 కిలోలనూ చక్రాల సంచుల్లో ఈడ్చుకుంటూ డాలస్ శివార్లలోని ఒక బౌలింగ్ సెంటర్‌కు లీగ్ ఆడటానికి వస్తాడు. సగటు స్కోరు 142.

142 మరీ తీసిపారేసేదేం కాదు. నాది 139, ఎగతాళి చేసే అర్హత నాకు లేదు. కాకపోతే నా దగ్గరున్నవి రెండే బంతులు. లెక్క కడితే బంతికి దాదాపు 70 పిన్నులు నాకు గిట్టుబాటవుతున్నాయి, అతనికి 24.

ఈ ఆరింటినీ కలిపి లీగ్ జనం 'ఆర్సెనల్' అంటారు. ఆయుధాగారం! ఎవరి మీద యుద్ధమో చూడాలి కదా. 60 అడుగుల దూరంలో పది పిన్నులు. ఒక్కోటి 15 అంగుళాల ఎత్తు, మూడున్నర పౌండ్ల బరువు. అవి పారిపోవు, ఎదురు తిరగవు, చాటుకు నక్కవు. కొట్టేదాకా నిలబడి ఉంటాయి, కొట్టకపోయినా నిలబడే ఉంటాయి. ఇదే మాట అంటే, "అర్జునుడికి మాత్రం అస్త్రాలు ఎన్ని లేవు బావా?" అన్నాడు. ఉన్నాయిరా, కానీ పాశుపతం కోసం ఆయన తపస్సు చేశాడు, క్రెడిట్ కార్డు గీకలేదు.

అతని వాదనలో నిజం లేకపోలేదు. లేన్ మీద నూనె ఉంటుంది. మామూలు సెంటర్లలో మొదటి 40 అడుగుల దాకా నూనె, ఆ తర్వాత పొడి. మధ్య పలకల మీద ఎక్కువ, అంచుల్లో తక్కువ. లేన్ మొత్తానికీ పూసేది 20, 30 మిల్లీలీటర్లు. మా అత్తగారు గుత్తివంకాయకు పోసే నూనెతో నాలుగు లేన్లు తడపొచ్చు. ఆ నూనెలో బంతి జారుతూ పోయి, పొడి తగలగానే పట్టు దొరికి వంపు తిరుగుతుంది. దాన్నే హుక్ అంటారు. కుడిచేతివాటం మనిషి వేసిన బంతి అలా వంగి, ఒకటో పిన్నుకూ మూడో పిన్నుకూ మధ్య సందులోకి 6 డిగ్రీల కోణంలో దూరితే పదీ పడే అవకాశం బాగా ఎక్కువ. ప్లాస్టిక్ తొడుగున్న బంతి దాదాపు తిన్నగా పోతుంది. యురేథేన్ నిదానంగా వంగుతుంది. 1990ల మొదట్లో వచ్చిన రియాక్టివ్ రెసిన్ గట్టిగా తిరుగుతుంది. కాబట్టి బంతికీ బంతికీ తేడా ఉందన్నది శాస్త్రమే. తేడా ఉన్న ప్రతిదాన్నీ కొనాలన్నదే వ్యాపారం.

ఆ వ్యాపారం పెట్టే పేర్లు చూడండి. బ్లాక్ విడో. వెనమ్ షాక్. డేంజర్ జోన్. వింటుంటే గుంటూరులో పత్తి రైతు నిలబడే పురుగుమందుల కొట్టు గుర్తొస్తుంది. స్టార్మ్ కంపెనీ వాళ్లయితే బంతిలో సువాసన కూడా కలుపుతారు. ఇది హాస్యానికి అన్న మాట కాదు, నిజంగానే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి కొంటారు జనం. మా వాడు కొత్త బంతి తెచ్చిన రోజు డ్రాయింగ్ రూములో కూర్చుని పసిపిల్ల తల వాసన చూసినట్టు చూస్తుంటే, లోపల్నించి మా అత్తగారు "ఏమిట్రా, పాడైందా?" అని కేకేశారు.

పైగా ఒకే కంపెనీ మీద ఆధారపడకూడదట, అందుకని హామర్ ఒకటి, ట్రాక్ ఒకటి, ఎబోనైట్ ఒకటి తీసుకున్నాడు. తీరా చూస్తే బ్రన్స్‌విక్ అనే కంపెనీ 2019లోనే ఎబోనైట్‌ను కొనేసింది. ఎబోనైట్‌తో పాటు హామర్, ట్రాక్, కొలంబియా 300 కూడా ఆ ఇంటికే వెళ్లిపోయాయి. అటుపక్క రోటో గ్రిప్, 900 గ్లోబల్ రెండూ స్టార్మ్ ఇంటి పిల్లలే. ఒకే వంటింట్లో ఒకే పిండి రుబ్బి, వీధివైపు మూడు బోర్డులు పెట్టి ఇడ్లీ అమ్మితే, మా వాడు మూడు బోర్డుల దగ్గరా తలో ప్లేటు తిని రుచులు పోల్చి చెబుతున్నాడు.

ఇక ప్రో షాపు. బంతికి వేళ్ల చిల్లులు పెట్టే చోటు అది. అక్కడ జరిగేది సాక్షాత్తూ జాతకం చూడటమే. బంతి లోపల బరువు దిమ్మ ఎలా ఉంది, ఆర్‌జీ (బరువు నడిమికి ఎంత దగ్గరో చెప్పే కొలత) ఎంత, డిఫరెన్షియల్ (అక్షాన్ని బట్టి ఆ కొలతలో వచ్చే తేడా) ఎంత, బంతి మీద పిన్ అనే గుర్తు ఏ స్థానంలో ఉంది, మన చేతి అక్షం ఎక్కడ పడుతుంది అని కోణమానిని పెట్టి కొలుస్తారు. ఆర్‌జీ 2.46 నుంచి 2.80 అంగుళాల మధ్యే ఉండాలి, డిఫరెన్షియల్ 0.060 దాటకూడదు. ఇవి ఆటకు నియమాలు రాసే యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ పెట్టిన హద్దులు. ఆ ఆఫీసు మాకు పక్కనే, ఆర్లింగ్టన్‌లో ఉంది. అంత ఇరుకు గీతల మధ్య నూరోవంతు అంగుళం తేడాలను పట్టుకుని మా వాడు రాత్రి రెండింటిదాకా చదువుతాడు. మర్నాడు లేన్ మీద ఒక బంతి పదో పలక మీద వేస్తాడు, తర్వాతది పదిహేడో పలక మీద పడుతుంది. లేన్ వెడల్పే 39 పలకలు. నూరోవంతు అంగుళాన్ని లెక్కపెట్టే మనిషి ఏడు పలకల్ని, అంటే ఏడంగుళాల పైచిలుకు దూరాన్ని, గాలికి వదిలేస్తాడు.

ఆడలేక మద్దెల ఓడన్నదాన్ని తరతరాలుగా దెప్పుతున్నాం. పాపం, ఆవిడ కనీసం మద్దెల మీద నెపం పెట్టి ఊరుకుంది, ఇంకో అయిదు మద్దెలలు కొనలేదు.

ఇలా అంటే మా వాడు బయటికి తీసే బ్రహ్మాస్త్రం ఒకటుంది. 1973. ఆ ఏడాది డాన్ మెక్యూన్ అనే ప్రొఫెషనల్ ఆటగాడు ప్లాస్టిక్ బంతిని రసాయన ద్రావకంలో నానబెట్టి పైపొర మెత్తబడేలా చేశాడు. మెత్తటి బంతి లేన్‌ను పట్టుకుంది. ఆరు టైటిళ్లు గెలిచి ఆ సంవత్సరపు మేటి ఆటగాడయ్యాడు. చూసినవాళ్లు ఊరుకుంటారా? మోటెల్ గదుల్లో బకెట్లు, బకెట్లలో బంతులు, గదంతా అగ్గిపుల్ల గీస్తే అంటుకునే ఆవిరి. చివరికి బంతి ఇంత గట్టిగా ఉండి తీరాలని నియమం తేవాల్సి వచ్చింది. "చూశావా బావా, బంతే గెలిపించింది" అంటాడు. గెలిపించింది, ఒప్పుకుంటాను. అయితే మెక్యూన్ నిద్రలో లేపి చేతికిచ్చినా అదే పలక మీద అదే వేగంతో వేయగలిగినవాడు. చెయ్యి మారనప్పుడే బంతి మార్పు తెలుస్తుంది. మన చేతికి ప్రతి విసురూ కొత్త జన్మ. అందులో బంతి పాపమెంత, పుణ్యమెంత అని ఏ చిత్రగుప్తుడు విడదీస్తాడు?

ఒక చిన్న లెక్క చెబుతాను, దీన్ని ఏ ప్రో షాపు గోడ మీదా రాసిపెట్టగా నేను చూడలేదు. ప్రతి ఫ్రేములో మొదటి బంతికి తొమ్మిది పడి, మిగిలినదాన్ని కొట్టకపోతే ఆటకు 90. అదే తొమ్మిది పడి, ఆ మిగిలిన ఒక్కదాన్ని రెండో బంతితో ప్రతిసారీ కొడితే, అంటే స్పేర్ చేస్తే, 190. ఒకే బంతికి పదీ పడే స్ట్రైక్ ఒక్కటి కూడా లేకుండా! ఆ నూరు పాయింట్లూ మూలన నిలబడ్డ ఆ ఒంటరి పిన్నువే. కుడిచేతివాళ్లకు అది తరచుగా పదో నంబరు పిన్ను, గట్టర్ అంచున ఉంటుంది. వంపు తిరిగే బంతితో దాన్ని కొట్టబోతే, చివర్లో ఎడమకు తిరిగి పిన్నుకు నమస్కారం పెట్టి వెళ్లిపోతుంది. టీవీలో కనిపించే హేమాహేమీలు చాలామంది అక్కడ మామూలు ప్లాస్టిక్ బంతి తీసి తిన్నగా వేస్తారు. ఉన్నవాటిలో చవకది అదే. మా వాడి ఆరు బంతుల్లో లేనిదీ అదే. అడిగితే, "ప్లాస్టిక్కా? పిల్లల పుట్టినరోజు పార్టీలకు బాగుంటుంది" అన్నాడు.

ఖర్చు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెబితే మా చెల్లెమ్మకు తెలుస్తుంది. పెద్ద రకం రెసిన్ బంతి, చిల్లులతో కలిపి రెండు వందల డాలర్ల పైనే. అలాంటివి ఆరు. రూపాయల్లో లక్ష దాటిపోయింది.

నన్నడిగితే మొదట చేతికి సరిగ్గా కొలతపెట్టిన చిల్లుల మీద డబ్బు పెట్టండి. బొటనవేలు బిగుసుకుపోతున్నా వదులైనా ఏ దిమ్మా ఏమీ చేయలేదు. ఒక ప్లాస్టిక్ బంతి, ఒక మధ్యరకం రెసిన్ బంతి. రెండో దాన్ని ఒక ఏడాది విసిరితే, అది ఎక్కడ ఎందుకు మొరాయిస్తోందో మీకే తెలుస్తుంది. అప్పుడు, ఆ లోటు పూడ్చడానికి మాత్రమే మూడోది. లేన్ ఎండిపోతున్నప్పుడు తక్కువ తిరిగేదో, నూనె మరీ ఎక్కువైతే గట్టిగా పట్టేదో. వాడేసిన బంతి దొరికితే పాత చిల్లులు పూడ్పించి మన చేతికి కొత్తవి వేయించుకోవచ్చు, ఆ కూలీ కూడా లెక్కేసుకుని.

దోశ అంటుకున్నప్పుడల్లా మా అమ్మ కొత్త పెనం కొనలేదు. ఉల్లిపాయ చెక్కను నూనెలో ముంచి రుద్దేది. బంతి కూడా పెనం లాంటిదే. పైపొరను గరుకు మెత్తతో రుద్దితే ముందే పట్టుకుంటుంది, నునుపు చేస్తే ఆలస్యంగా తిరుగుతుంది. 1000, 2000, 4000 నంబర్ల మెత్తలు కొన్ని డాలర్లకే వస్తాయి. రెసిన్ నూనె తాగుతుంది కాబట్టి ఆట అవగానే తుడవాలి, అప్పుడప్పుడూ వేడినీళ్లు పోసి పట్టిన నూనె వదిలించాలి. తలంటు అనుకోండి. ఈ సేవ ఏదీ చేయకుండా, "ఈ బంతి చచ్చిపోయింది బావా" అని మా వాడు ఏడాదికి రెండు బంతులకు కర్మకాండ జరిపిస్తాడు.

"ఆట నడుస్తుంటే నూనె తరిగిపోతుంది, లేన్ మారుతుంది, అప్పుడేం చేస్తావ్?" అన్నది చివరి ప్రశ్న. బంతి మరీ ఎడమకు పోతోందా, కాళ్లు రెండు పలకలు ఎడమకు జరుపు. కుడికి పోతోందా, కుడికి జరుపు. కాళ్లు మనతోనే వస్తాయి, వాటికి చక్రాల సంచి అక్కర్లేదు.

మొన్న సీజన్ చివరి రాత్రి మా వాడి జట్టుకు ఒక్క స్పేర్ చాలు. ఆఖరి ఫ్రేములో మొదటి బంతికి తొమ్మిది పడ్డాయి. నిలబడింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. ఆరు బంతులూ వరసగా ఉన్నాయి. ఒకదాని మీద చెయ్యి వేసి తీసేశాడు, ఇంకోదాన్ని తుడిచి పక్కన పెట్టాడు. నా ప్లాస్టిక్ బంతి అడిగితే ఇచ్చాను, అతని బొటనవేలు పట్టలేదు. చివరికి వెనక్కి పోయి, గోడ దగ్గర అరలోంచి సెంటర్ వాళ్లది, ఎన్ని పుట్టినరోజులు చూసిందో తెలియని పన్నెండు పౌండ్ల గులాబీ రంగు బంతి పట్టుకొచ్చి తిన్నగా విసిరాడు. పదో పిన్ను పడింది.

ఇంటికి వచ్చే దారంతా మౌనంగా ఉన్నాడు. మా ఇంటి ముందు కారు ఆపి, "నువ్వన్నది నిజమే బావా, ప్లాస్టిక్ ఉండాల్సిందే" అన్నాడు. పోనీలే, ఇన్నాళ్లకు తలకెక్కిందనుకున్నాను. ఫోన్ తీసి చూపించాడు. గాజులాంటి పారదర్శకమైన ప్లాస్టిక్ బంతి, లోపల పుర్రె బొమ్మ. అలాంటివి రెండు ఆర్డర్ పెట్టేశాడు.

"రెండెందుకురా?"

"ఒకటి పదో పిన్నుకి, ఒకటి ఏడో పిన్నుకి."