మూత విప్పకుండా రోగం తెలుస్తుందా?

మా రోజుల్లో కంప్యూటర్ బిగించాలంటే ముందు ప్రయాణం కట్టాలి. అమలాపురానికి అప్పుడూ రైలు లేదు, ఇప్పుడూ లేదు. రాజమండ్రి వెళ్లి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ కొట్లన్నీ తిరిగి, మదర్‌బోర్డు ఒకచోట, ర్యామ్ ఒకచోట, ఏజీపీ గ్రాఫిక్స్ కార్డు ఇంకోచోట బేరమాడి కొనేవాళ్లం. తిరుగు ప్రయాణంలో ఆ సంచీని ఒళ్లోంచి దించితే ఒట్టు. ఇంటికొచ్చాక ఏది మొరాయించినా మళ్లీ అంత దూరం పోవాలి కాబట్టి, జబ్బు ఎక్కడుందో తేలేదాకా దేన్నీ పోయిందనేవాళ్లం కాదు.

ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే పార్శిల్ గుమ్మంలోకి వస్తుంది. రాజోలు, కొత్తపేట కుర్రాళ్లు సొంతంగా గేమింగ్ పీసీలు బిగించుకుంటున్నారు. సంతోషమే. కానీ ఆట మధ్యలో బొమ్మ బిగుసుకుపోతే చాలు, పరుగెత్తుకొస్తారు. “డ్రైవర్ మార్చేశానండి, విండోస్ మళ్లీ వేసేశానండి, అయినా అంతేనండి. కార్డు పోయినట్టేనాండి?”

“మూత విప్పి చూశావా అబ్బాయ్?”

“లేదండి.”

ఇదే నాకు ఒళ్లు మండే సంగతి. ఒకే పూట నాలుగు మార్పులు చేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో ఎలా తెలుస్తుంది? మేం ఒకసారికి ఒక్కటే మార్చేవాళ్లం. రెండు ర్యామ్‌లుంటే ఒకటి తీసి నడిపేవాళ్లం. ర్యామ్ పసుపు అంచుల మీద పట్టిన పొరను రబ్బరుతో తుడిచి మళ్లీ నొక్కేవాళ్లం. సముద్రపు గాలి, గోదావరి చెమ్మ కలిసిన మన కోనసీమలో ఆ చిన్న పనికే ఎన్నో మెషీన్లు లేచి కూర్చున్నాయి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతా నాసిరకం కెపాసిటర్లు వచ్చాయి. టార్చి వేసి చూస్తే వాటి తల ఉబ్బి, గోధుమరంగు జిగురు కారి కనిపించేది. ఏ సాఫ్ట్‌వేరూ ఆ సంగతి చెప్పదు, కంటితో చూడాల్సిందే.

ఆగిపోవడంలోనూ తేడాలున్నాయి. తెర నల్లబడినా పాట వినిపిస్తుంటే ముందు కార్డును, డ్రైవర్‌ను, కేబుల్‌ను అనుమానించాలి. బొమ్మతోపాటు శబ్దం కూడా జుయ్యిమంటూ నిలిచిపోతే ర్యామ్, ప్రాసెసర్, బోర్డు చూడాలి. తెర మీద రంగు గళ్లు, చారలు వస్తే కార్డు వేడిని, దాని మెమరీని చూడాలి. ఆట మొదలవగానే టక్కున ఆరి మళ్లీ వెలిగితే మెషీన్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీదే నా మొదటి అనుమానం. విండోస్ రాసిపెట్టే కెర్నల్ పవర్ 41 అన్న మాట మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు.

తెర మీది మాటను నమ్మితే ఎలా మోసపోతామో 2024లో లోకమంతా చూసింది. ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లున్న మెషీన్లలో ఆటలు వీడియో మెమరీ చాలడం లేదని చెప్పి ఆగిపోయేవి. చాలామంది గ్రాఫిక్స్ కార్డును తిట్టారు. చివరికి దోషం ప్రాసెసర్‌లో తేలింది. ఎక్కువ వోల్టేజీకి అది లోపల్లోపల దెబ్బతింటోంది. ఇంటెల్ మైక్రోకోడ్ సరిచేసి, వారంటీ రెండేళ్లు పెంచింది.

కరెంటు సంగతి మరీ ఘోరం. మా కాలపు కార్డుల్లో చాలావాటికి స్లాటు ఇచ్చే కరెంటే సరిపోయేది. ఇప్పటి స్లాటు ఇచ్చేది 75 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4090 కార్డు ఒక్కటే తాగేది 450 వాట్లు. దాని పవర్ కనెక్టర్ పూర్తిగా దిగకపోతే కరిగిపోతుందని 2022లోనే బయటపడింది. రంగు లైట్ల కోసం వేలు పోసే పిల్లలు ఎస్‌ఎంపీఎస్ దగ్గర పిసినారితనం చూపిస్తారు. ఎర్త్ సరిగ్గా లేక క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటున్నా పట్టించుకోరు. కాస్త తవ్వితే నీరు పడే నేల మనది. బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ గొయ్యి తీయించడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంది?

అబ్బాయిలూ, కొత్త కార్డుకు డబ్బు కట్టే ముందు ఒక్క పూట ఓపిక పట్టండి. ప్లగ్గు పీకి, మూత విప్పి, దుమ్ము దులపండి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి దాంతో నడపండి. మీ కార్డును స్నేహితుడి మెషీన్‌లో పెట్టి చూడండి. ఏం మార్చారో కాగితం మీద రాసుకోండి. ముందు ఎర్త్, తర్వాత ఎస్‌ఎంపీఎస్, ఆ తర్వాతే కార్డు.